మా చిన్నబాపు చెప్పిన ఖాడీ

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం బీరకాయలు తరుగుతుంటే ఫోను మోగింది. అవతల ఎవరో కుర్ర లెక్చరరు, మర్యాదస్తుడు, మరాఠీలో మేడమ్ మేడమ్ అంటూ విషయం చెప్పాడు. కొంకణ్ తీరంలో ఉన్న ఒక ఖాడీ చరిత్ర మీద మా ఊరి ప్రొఫెసరుగారు ఒకాయన చాలా ఏళ్ల కిందట రాసిన పుస్తకానికి కొత్త ముద్రణ వస్తోందట. ఆయనకు తొంభై నిండుతున్నాయట. చంద్రపూర్‌లోనే సభ, సన్మానం, శాలువాలు. "మొదటి ముద్రణలో ధన్యవాదాల కింద మీ పేరుంది మేడమ్. ఆ జాబితాలో ఇప్పుడు బతికి ఉన్నది మీరొక్కరే. మీరు వస్తే సర్ చాలా సంతోషిస్తారు" అన్నాడు. చూస్తానని ఫోను పెట్టేసి, చేతిలో ఉన్న బీరకాయను తరిగి తరిగి పచ్చడికి కూడా పనికిరానంత చేశాను. మా ఆయన వంటింట్లోకి తొంగి చూసి, "ఏందే, ఎవలమీద గంత కోపం? బీపీ గోలి ఏసుకున్నవా లేదా?" అని అడిగాడు. ఈ కోపం గోలీలకు లొంగేది కాదు. మా పెళ్లి కంటే పాతది.

సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చి, కొండల మధ్య పాములా మెలికలు తిరుగుతూ లోపలికి పోయే పాయను మరాఠీలో ఖాడీ అంటారు. నేను చెప్పబోయే ఖాడీకి మంచి పేరుంది, కోట ఉంది, పాఠ్యపుస్తకంలో రెండు వాక్యాలున్నాయి. ఆ పేరు మాత్రం ఇక్కడ రాయను. రాస్తే ఆ పుస్తకం పేరు తెలిసిపోతుంది, పుస్తకం తెలిస్తే ప్రొఫెసరు తెలిసిపోతాడు. ఇప్పటికే కావలసినన్ని చోట్ల అచ్చయిన పేరుకు నేను కూడా ఒక అచ్చు ఎందుకు ఇవ్వాలి? సముద్రం నుంచి ఇంత దూరంలో, నోరు తెరిస్తే బొగ్గుదుమ్ము పడే ఊళ్లో కూర్చుని ఖాడీ గురించి రాయడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. నాకు ఆ ఖాడీ మా ఇంటి సందు కంటే బాగా తెలుసు. ఇప్పటి వరకు ఒక్కసారి కూడా చూడలేదు.

తెలిసింది మా చిన్నబాపు వల్ల. చిన్నబాపు అంటే మా బాపుకు తమ్ముడు, నాకు చిన్నాన్న. మా వాళ్లు గోదావరి అవతలి నుంచి బొగ్గుగనుల్లో పని వెతుక్కుంటూ ఇటు వచ్చినవాళ్లు. బాపు భూమిలోకి దిగే పనిలో కుదిరాడు. చిన్నబాపును కూడా దించాలని చూశారట కానీ, మొదటిరోజే ఆ చీకటి చూసి పైకి వచ్చేసి, మళ్లీ దిగితే ఒట్టన్నాడట. నాగపూర్‌లో నౌకాదళానికి మనుషులను తీసుకుంటున్నారని విని, ఇంట్లో చెప్పకుండా రైలెక్కి పోయాడు. చెరువులో ఈత తప్ప నీళ్లతో సంబంధం లేని మనిషి, సముద్రపు లోతులు కొలిచి పటాలు తయారుచేసే ఓడలో పడ్డాడు. ఆ ఉద్యోగం ముగించుకుని తిరిగి వచ్చేసరికి మా చిన్నమ్మ కాలం చేసి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. పద్మాపూర్ గనిలో, తవ్విన గోతిలో ఊరే నీళ్లను తోడి పోసే పంపు మీద పని దొరికింది. మా ఇంట్లోనే, ముందు వసారాలో నులకమంచం మీద స్థిరపడ్డాడు. సముద్రం మీద తిరిగొచ్చి చివరికి గోతిలో నీళ్లు తోడుతున్నావేమిటని గని మనుషులు ఆటపట్టిస్తే, "నీళ్లు నీళ్లే గదా. గాడ కొలిచిన, గీడ తోడుతున్న" అనేవాడు.

ఆయన కొలిచే పద్ధతి చెప్పాలి. యంత్రాలు వచ్చినా, ఒడ్డు దగ్గర, రాళ్ల మధ్య చిన్న పడవలో పోయి చేత్తో కొలిచే పని వీళ్లకు తప్పేది కాదట. పొడుగాటి తాడు చివర సీసపు గుండు. తాడు మీద ఇన్ని బారలకొకటని గుర్తులు, ఒకచోట తోలు ముక్క, ఒకచోట తెల్లగుడ్డ, ఒకచోట ఎర్రగుడ్డ. చూపు ఆనకపోయినా చేతికి తెలియాలని గుడ్డల నేత కూడా వేరువేరుగా పెట్టేవారట. గుండు అడుగున చిన్న గుంట. అందులో కొవ్వు మెత్తుతారు. గుండు అడుగుకు తగిలినప్పుడు అక్కడ ఏముంటే అది కొవ్వుకు అంటుకుని పైకి వస్తుంది, ఇసుకైతే ఇసుక, బురదైతే బురద, గవ్వ పెంకులైతే పెంకులు. ఏమీ అంటకుండా కొవ్వు మీద నొక్కు పడితే కింద రాయి ఉన్నట్టు. ఎన్ని బారలని అరవడం, ఏమి అంటిందని అరవడం, పడవలో ఉన్నవాడు రాసుకోవడం. ఇలా నాలుగు అడుగులకొకసారి, రోజంతా, నెలలకు నెలలు. "కండ్లకు కనవడని జాగను చేతుల్తోని సూసుడు" అనేవాడు.

ఈ అలవాటు ఆయన్ను జన్మలో వదల్లేదు. పద్మాపూర్‌లో కూడా తాడుకు ఇనుప ముక్క కట్టి, అడుగున బట్టల సబ్బు మెత్తి, పంపు గోతిలోకి రోజూ వదిలేవాడు. సబ్బుకు మెత్తటి నల్లమట్టి ఎక్కువ అంటిన రోజున పూడిక పైకి వస్తోందని, పంపు నోరు ఎత్తి కట్టాలని చెప్పేవాడు. సూపర్‌వైజరు మొదట నవ్వాడు. ఒక వానాకాలం పంపు బురద మింగి పడిపోయాక నవ్వడం మానేసి, సబ్బు తనే తెప్పించి ఇచ్చాడు. మా ఇంటి బావి లోతు ఏ పండక్కు ఎంత ఉందో ఆయనకు తెలుసు. మా అవ్వ, అంటే అమ్మ, చింతపండు పులుసు పెడితే గరిటె నిలువుగా ముంచి పైకి తీసి చూసేవాడు. "వదినే, అడుగుకు ఇసుక తగులుతుంది" అంటే, అవ్వ ఆ గరిటెతోనే తరిమేది.

ఖాడీ ముచ్చట మొదలుపెడితే మాత్రం ఆయన గొంతు మారేది. ఆ ఖాడీ దగ్గర వాళ్ల పడవ రెండు కాలాలు పనిచేసిందట. సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన ఎర్రరాతి కొండ, దాని మీద మూడు వైపులా నీళ్లున్న కోట. కొండకు పక్కనుంచి ఖాడీ నోరు. నోరు చూస్తే వెడల్పే, ఎవరైనా నడిమధ్య నుంచి పోతారు. కానీ నడిమధ్యలోనే ఇసుక మేట ఉంది, నీటి కింద కనిపించదు. అసలు దారి దక్షిణపు ఒడ్డున, కోట రాళ్లను దాదాపు రాసుకుంటూ పోతుంది. ఆ దారి పట్టుకుని లోపలికి పోతే కొండ చాటున గాలి తగలని మడుగు. ఇంకా లోపలికి పోతే మడ చెట్లు, మెలికలు, చివరికి సహ్యాద్రి నుంచి దిగే చిన్న నది, తియ్యటి నీళ్లు. రోజుకు రెండుసార్లు సముద్రం ఖాడీలోకి ఎక్కి, రెండుసార్లు దిగిపోతుంది. ఆటుపోటు నాకు అర్థం కాలేదంటే, చంద్రపూర్‌లో వరదలు వచ్చినప్పుడు నన్ను వర్ధా నదిలో కలిసే ఇరై ఒడ్డుకు తీసుకుపోయి చూపించాడు. "వర్ధా నిండితె ఇరై నీళ్లకు పోయే తొవ్వ దొరకది. ఎనక్కి మర్లి మన ఊర్లకొస్తయి. సూడు. గట్లనే, గాడ దినాం రెండుసార్లు" అన్నాడు. ఊరి సగం ఇళ్లలో మోకాళ్లలోతు నీళ్లుంటే మేమిద్దరం ఒడ్డున నిలబడి భూగోళం చదువుకున్నాం. ఇంటికొచ్చాక ఇద్దరికీ సమానంగా తిట్లు పడ్డాయి.

ఇక పాత కాలపు నావల సంగతి. మరాఠాల నౌకాదళం ఆ మడుగులో ఉండేదట. వాళ్ల ఓడలు తేలికైనవి, అడుగు పెద్దగా మునగనివి. పరదేశీల ఓడలు ఎత్తయినవి, ఫిరంగుల బరువుతో లోతుగా మునిగేవి. తరుముతూ వచ్చిన పెద్ద ఓడ నోటి దగ్గర మేట చూసి ఆగిపోవలసిందే. ఆగకపోతే ఇసుకలో కూరుకుపోయి, ఆటుకు నీళ్లు దిగిపోయాక పక్కకు ఒరిగి పడుకోవలసిందే. చిన్న ఓడలు రాళ్ల పక్క దారిన లోపలికి జారుకునేవి. లోపల రాయిని తొలిచి కట్టిన మరమ్మతు గుంట ఒకటి ఉంది. పోటు మీద ఓడను అందులోకి తెచ్చి నిలిపితే, ఆటుకు నీళ్లు దిగి ఓడ అడుగు ఆరుతుంది. తారు పూసి మళ్లీ పోటుకు బయటికి. చిన్నబాపు ఆ గుంటను కూడా కొలిచాడు. చివరికి ఆ ఓడలు ఎలా పోయాయో చెప్పేటప్పుడు మాత్రం లేచి నిలబడేవాడు. పరదేశీ ఓడలు గుండ్లు కురిపించిన రోజున మడుగులో ఓడలన్నింటినీ పక్కపక్కన కలిపి కట్టి పెట్టారట. ఒకదానికి నిప్పంటుకుంటే అన్నింటికీ పాకింది. "గాలి ఎటు కొడుతుందో సూడకుంట తాళ్లతోని ఎవడన్న కడతడా? ఒక్క తాడు కోసేటోడు లేకపాయెనా?" అంటూ, రెండు వందల ఏళ్ల కిందట పోయిన సర్దార్లను మా వసారాలో నిలబడి తిట్టేవాడు. పక్క క్వార్టరువాళ్లు బాపుకూ చిన్నబాపుకూ జగడమేమోనని తొంగి చూసేవారు.

ప్రొఫెసరు మా జీవితంలోకి వచ్చింది ఒక పంద్రాగస్టు నాడు. అప్పటికాయన కాలేజీలో చరిత్ర చెప్పేవాడు. మా గని కాలనీ క్లబ్బులో సముద్రపు కోటల మీద ఉపన్యాసం ఇచ్చాడు. మధ్యలో చిన్నబాపు లేచి, తన బజారు మరాఠీలో, "సాహెబ్, గా ఖాడీలకు నడుమకెళ్లి ఓడ పోదు" అన్నాడు. అందరూ నవ్వారు. ప్రొఫెసరు నవ్వలేదు, తెలివైనవాడు కదా. మరుసటి ఆదివారం స్కూటరు మీద మా ఇంటికి వచ్చాడు. అప్పటికి ఆయన సముద్రాన్ని చూసింది ఒక్కసారట, ముంబైలో, పాదాలు తడిసేంత. అక్కడి నుంచి దాదాపు రెండేళ్ల పాటు ప్రతి ఆదివారం వచ్చేవాడు. అవ్వ చేసిన సర్వపిండి తిని, టీ తాగి, నేను ముందు పెట్టిన పీట మీద కూర్చుని అడిగేవాడు. చిన్నబాపు నేల మీద సుద్దతో గీసి చెప్పేవాడు. వాళ్లిద్దరి మధ్య భాషే చిక్కు. చిన్నబాపు లోతుగా చెప్పాలంటే తెలుగే రావాలి. ప్రొఫెసరుకు తెలుగు రాదు. నాకు తెలుగు మాటే తప్ప రాత రాదు, మరాఠీ బడిలో చదివినదాన్ని. తెలుగు అక్షరాలు పెళ్లయ్యాక మంచిర్యాల మనిషి అయిన మా ఆయన నేర్పినవి. అందుకని ప్రొఫెసరు ఒక ఉపాయం చెప్పాడు. కాకా తెలుగులో చెప్పాలి, నేను మరాఠీలో రాయాలి. చిన్నబాపును నేను మరాఠీలో కాకా, అంటే చిన్నాన్న, అనడం విని ప్రొఫెసరు కూడా అలాగే పిలిచేవాడు.

నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. నా మరాఠీ దస్తూరి అచ్చులా ఉంటుందని కాలనీలో పేరు. చిన్నబాపు మొదటి షిఫ్టు నుంచి వచ్చి స్నానం చేసి కూర్చునేవాడు. సాయంత్రం దీపం పెట్టే వేళ వరకు ఆయన చెప్పడం, నేను రాయడం. రెండు పెద్ద నోటుబుక్కులు నిండాయి. చిన్నబాపుకు ఒక్క విషయంలో మహా పట్టుదల. కోట రాళ్ల పక్కన దారి ఉందని వీళ్ల పడవకు చూపించింది ఒక కోళీ ముసలాయన, అంటే అక్కడి చేపలు పట్టేవాడు. ఓడలోని ఆఫీసర్లు పాత పటం పట్టుకుని నడిమధ్యకు పోతుంటే, ఆ ముసలాయన తన పడవ అడ్డం పెట్టి ఆపాడట. "గాయన పేరు రాసినవా? ఏది సదువు. మల్ల ఖాడీ మూతి కాడ ఇంకోసారి రాయి" అని రెండుచోట్ల రాయించాడు. అక్షరం అక్షరం పలికి రాయించాడు.

మొదటి పేజీ నేను చివర రాశాను. పైన ఖాడీ పేరు పెద్ద అక్షరాలతో. కింద "మా చిన్నబాపు చెప్పినది" అని మరాఠీలో. ఇక్కడే నేను చేసిన తెలివితక్కువ పని. మా ఇళ్లలో పెద్దవాళ్ల పేరు నోటితో అనరు. అవ్వ బాపు పేరు చెప్పవలసి వస్తే నన్ను ముందుకు తోసేది. నేను చిన్నబాపు పేరు పలికిన సందర్భం నాకైతే గుర్తు లేదు. చదువుకున్న పెద్దమనిషికి ఇచ్చే కాగితం మీద ఆయన్ను పేరు పెట్టి రాస్తే ఎగతాళిగా ఉంటుందనుకున్నాను. అయినా అడిగాను, "చిన్నబాపు, నీ పేరు రాయాల్నా?" అని. "నా పేరెందుకే బిడ్డా? సారుకు ఎరుకే గదా" అన్నాడు. సరేనని కింద నా పేరు రాసుకున్నాను, బడిపిల్లలు నోటుబుక్కు మీద రాసుకున్నట్టు, పువ్వు బొమ్మ కూడా వేసి. ఆ పువ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

నోటుబుక్కులు ప్రొఫెసరు చేతికి పోయాయి, పుస్తకం వచ్చింది. మూడేళ్లకు. ప్రొఫెసరే స్వయంగా ఒక ప్రతి తెచ్చి ఇచ్చాడు. ముందుమాటలో గ్రంథాలయాలకు ధన్యవాదాలు, మిత్రులకు ధన్యవాదాలు, ఓపిగ్గా చదివిన భార్యకు ధన్యవాదాలు. చివరి వరుసలో, "వ్రాతప్రతిని శుభ్రంగా నకలు చేసి ఇచ్చిన కుమారి ఫలానాకు". ఆ ఫలానా నేను. నేనేం చేశానో చెప్పనా? ఎగిరి గంతేశాను. కాలనీ అంతా తిప్పి చూపించాను. నా పేరు అచ్చులో చూసుకోవడం అదే మొదటిసారి. "నకలు" అన్న మాట నాకు తట్టలేదు. ఆ పేజీలో ఎవరు లేరో వెతకాలని తట్టలేదు. ఆ పుస్తకాన్ని చిన్నబాపు చేతిలో పెట్టి, ముందుగా నా పేరున్న వరుస మీద వేలు పెట్టి చూపించాను. ఆయన నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "మస్తుందే బిడ్డా" అన్నాడు.

ఆయన మరాఠీ కూడబలుక్కుని చదివేవాడు. ఆ పుస్తకం చదవడానికి నెల పట్టింది. ఒక సాయంత్రం వసారాలోంచి కేక వినబడి వెళ్తే, పుస్తకం మంచం మీద పడేసి నిలబడి ఉన్నాడు. మనిషికి అంత కోపం రావడం నేను అంతకుముందు చూడలేదు. "నడుమకెళ్లి పోయినయట! ఓడలు నడుమకెళ్లి, జెండాలేసుకొని పోయినయట! ఈ పుస్తకం నమ్మి ఎవడన్న పడవ తెస్తే మునుగుతడు. ముసలాయన పేరేదే? రెండుసార్లు రాయిస్తినిగదా, ఏదీ?" అన్నాడు. నేను పేజీ పేజీ వెతికాను. కోళీ ముసలాయన ఎక్కడా లేడు. కోట రాళ్ల పక్క దారి లేదు. అది ఉంటే కథకు అందం తగ్గుతుందనుకున్నాడేమో, ఆ పెద్దమనిషి ఓడలను నడిమధ్య నుంచి ఊరేగించాడు. మిగతాదంతా, మరమ్మతు గుంట, ఆటుపోటు, కొవ్వుకు అంటే ఇసుక, చివరికి గాలి చూడకుండా తాళ్లు కట్టారన్న కోపం కూడా, వాక్యం వాక్యం చిన్నబాపుదే. మరాఠీ నాదే. "ఈ రచయిత పరిశీలనలో తేలినదేమంటే" అని ముందు ఒక తోక తగిలించాడంతే.

చిన్నబాపు తన పేరు గురించి ఒక్క మాట అనలేదు. దిద్దించాలన్నాడు. నన్ను వెంటబెట్టుకుని పద్మాపూర్ నుంచి బస్సులో చంద్రపూర్ వెళ్లాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ప్రొఫెసరు ఇంటి వరండాలో మమ్మల్ని చాలాసేపు కూర్చోబెట్టారు. మా ఇంట్లో రెండేళ్లు పీట మీద కూర్చున్న మనిషి, తన ఇంట్లో మాకు గడప లోపల చోటు చూపలేదు. చివరికి వచ్చి, నవ్వుతూ, "కాకా, పుస్తకమన్నాక కొంత కూర్పు ఉంటుంది. రెండో ముద్రణలో చూద్దాం" అన్నాడు. నోటుబుక్కులు తిరిగి ఇమ్మని నేనడిగితే, ఇల్లు మారినప్పుడు ఎక్కడో కలిసిపోయాయన్నాడు. చిన్నబాపూ నేనూ తిరుగు బస్సెక్కి పద్మాపూర్‌లో దిగాం. దిగాక, "గాయనకు నేనేం జెప్పాలె?" అన్నాడు. ప్రొఫెసరు గురించి అనుకున్నాను. కాదు. కోళీ ముసలాయన గురించి. అతను అప్పటికి బతికి ఉన్నాడో లేదో కూడా తెలియదు.

రెండో ముద్రణ వచ్చింది, మూడోది వచ్చింది. ఓడలు నడిమధ్య నుంచే పోతున్నాయి. చిన్నబాపు రెండుసార్లు ఉత్తరాలు చెప్పి నాచేత రాయించాడు. జవాబు రాలేదు. మూడోసారి నాకు పెళ్లి పనులు, వీలు కాలేదు. చిన్నబాపు కాలం చేసిన ఏడాది నేను ఆవర్‌పూర్ బడిలో మరాఠీ టీచరుగా చేరాను. ఆ తర్వాత నా జీవితంలో వ్యాసాలు దిద్దాను, వార్షికోత్సవ సంచికలు నడిపాను, పిల్లలకు ఖాడీ అంటే ఏమిటో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. ప్రొఫెసరు పేరు పేపర్లో కనిపించినప్పుడల్లా ఆ పేజీ చింపి బియ్యం డబ్బా అడుగున వేశాను. దొంగ, దొంగ అని ఇంట్లో అన్నాను. బయట మాత్రం ఎక్కడా అనలేదు. ఎవరైనా అడిగితే కదా అనుకున్నాను.

సభకు వెళ్లాను. మా ఆయన గోలీ జేబులో వేసుకుని వెంట వచ్చాడు. హాలు నిండింది. ప్రొఫెసరును చక్రాల కుర్చీలో వేదిక మీదికి తెచ్చారు. బాగా చిక్కిపోయాడు, చెవులు పనిచేయడం లేదు. నాకు శాలువా కప్పి, కొబ్బరికాయ చేతిలో పెట్టి, రెండు మాటలు చెప్పమన్నారు. ఫోను చేసిన కుర్ర లెక్చరరు మైకు సరిచేసి ఇచ్చాడు. నేను మరాఠీలోనే చెప్పాను. "ఈ పుస్తకాన్ని నేను నకలు చేయలేదు. విని రాశాను. ఈ ఖాడీని తాడు వేసి కొలిచినవాడు, చూసినవాడు, చెప్పినవాడు మా చిన్నబాపు. పద్మాపూర్ గనిలో పంపు నడిపేవాడు. ఆయన పేరు బొమ్మెన రాజలింగు." నా నోటితో ఆ పేరు అనడం అదే మొదలు. నాలుక తడబడింది. మళ్లీ అన్నాను, ఈసారి గట్టిగా. ఓడలు నడిమధ్య నుంచి పోలేదని కూడా చెప్పాను.

ప్రొఫెసరు చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "కోణ్?" అన్నాడు. ఎవరు అని. లెక్చరరు వంగి ఆయన చెవిలో పేరు చెప్పాడు. "కోణ్ రాజలింగు?" అన్నాడు మళ్లీ. ఆ ముఖంలో దొంగతనం కోసం వెతికాను. నలభై ఏళ్లుగా నేను ఎదురుచూసింది ఆ ముఖం పాలిపోవడం చూద్దామని. పాలిపోలేదు. ఆ మనిషికి నిజంగానే తెలియదు. రెండేళ్ల ఆదివారాలు మా ఇంట్లో తిని, తాగి, కాకా కాకా అని, ఆ కాకా పేరేమిటో అడగలేదు. దొంగ అయినా నయం, ఎవరి ఇంట్లో దొంగిలించాడో వాడికి తెలుసు. "రెండేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు కదండీ మీరు!" అని అరిచాను. మైకు ఆన్‌లోనే ఉంది. కొబ్బరికాయ పట్టుకున్న చెయ్యి పైకి లేచిందట, తను భయపడిపోయానని మా ఆయన తర్వాత చెప్పాడు. ప్రొఫెసరు నన్ను చూసి, సన్మానంలో ఎవరో మంచిమాట చెప్పారనుకుని, రెండు చేతులు జోడించి నమస్కారం పెట్టాడు.

వేదిక దిగుతుంటే ఆ కుర్ర లెక్చరరు వెంట వచ్చాడు. మొహం ఎర్రబడి ఉంది, సిగ్గుతోనో, నా మీద కోపంతోనో అనుకున్నాను. జేబులోంచి పెన్ను, చిన్న పుస్తకం తీశాడు. "మేడమ్, ఆయన పేరు నిదానంగా మళ్లీ చెప్పండి. వచ్చే ముద్రణ పని నాదే. లోపల వేయను, మొదటి పేజీలో వేస్తాను. ఆ దారి సంగతి కూడా మీరు చెప్పినట్టే దిద్దుతాను" అన్నాడు. చెప్పాను. రాసుకుని, అక్షరాలు సరిగా ఉన్నాయా అని నాకు చూపించాడు. ఇన్నేళ్లకు ఆ పేరును అడిగి రాసుకున్న మొదటి మనిషి అతనే. తర్వాత, "ఇంకెవరి పేరైనా వదిలేశారా మేడమ్?" అన్నాడు.

"ఉంది. ఆ దారి చూపించిన కోళీ ముసలాయన. చిన్నబాపు రెండుసార్లు రాయించాడు" అన్నాను. అతను పెన్ను కాగితం మీద పెట్టి నిలబడ్డాడు. నేను నోరు తెరిచాను. పేరు రాలేదు. మొదటి అక్షరం కూడా రాలేదు. మా ఆయన మంచినీళ్లు తెచ్చాడు. జనం బయటికి పోతున్నారు, కుర్చీలు మడుస్తున్నారు, అతను పెన్ను ఎత్తకుండా అలాగే ఉన్నాడు. ప్రొఫెసరు మీద నలభై ఏళ్ల పాటు కోపం ఒక్కరోజు కూడా చల్లారనివ్వకుండా కాపాడుకున్నాను. అన్ని వేల రోజుల్లో ఏదో ఒకరోజు ఒక చీటీ మీద రెండు పేర్లు రాసి పెట్టుకోవడానికి నాకు తీరిక దొరకలేదు.